మెరుగూ తరుగూ

బంగారం కొట్టు మెట్లెక్కినవాళ్లందరికీ "తరుగు" అనే మాట తెలుసు. నగ తయారీలో ఆకురాయి కింద, సాన కింద పోయే బంగారానికి కూడా మన దగ్గరే డబ్బు వసూలు చేస్తారు. ఆ తరుగు ఎంత వెయ్యాలన్న దానిమీద మన అమ్మలు షాపువాడితో గంటసేపు పేచీ పెడతారు గానీ, మెరుగు పెడితే తరుగు వుంటుందన్న సంగతిని మాత్రం ఎవరూ కాదనరు. చిత్రమేమంటే, అదే కుటుంబం కారుని పాలిష్‌కి ఇచ్చేటప్పుడు తరుగు మాటే ఎత్తదు. కారు పాలిష్ అంటే ఏదో పూస్తారనీ, పూసింది మెరుస్తుందనీ అనుకుంటారు. నిజానికి అక్కడ జరిగేది పుయ్యడం కాదు, తియ్యడం.

మన సావనీర్‌లో పెద్దలూ, పూర్వ విద్యార్థులూ విద్యావిధానం గురించీ, నిరుద్యోగం గురించీ రాస్తారు. నేను కారు రంగు గురించి రాస్తానంటే సంపాదకవర్గంలో ఒక కుర్రాడు మర్యాదగా నవ్వాడు. "పైన పటారం, లోన లొటారం అంటారు కదా సార్, ఆ పటారం గురించేనా?" అన్నాడు. కాదనను. కానీ ఆ పటారం మందం ఎంతో, అది ఎలా అరుగుతుందో, ఎవరి చేత్తో అరుగుతుందో ఇంజనీరింగు చదివేవాళ్లకి తెలియకపోవడం నాకు చిన్న విషయంగా కనిపించడం లేదు. ఏడాది క్రితం పాలిషింగ్ మెషీను కొని ఈ పని నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇంకా ప్రారంభ దశలోనే వున్నాను. అంచేత ఇది నిపుణుడి ఉపన్యాసం కాదు, విద్యార్థి అభిప్రాయం అనుకోండి.

ముందు కొలతలు. కారు రేకు మీద అడుగున తుప్పు పట్టకుండా ఒక పూత, దానిమీద ప్రైమరు, దానిమీద రంగు, అన్నిటికంటే పైన రంగు లేని పారదర్శకమైన క్లియర్ కోటు వుంటాయి. అన్నీ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే మన నోటు పుస్తకంలో ఒక కాగితం మందం, మహా అయితే కాస్త ఎక్కువ. అందులో క్లియర్ కోటు 35 నుంచి 50 మైక్రాన్లు, తలవెంట్రుక మందానికి కొంచెం అటూయిటూగా సగం. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగుని కాపాడేది ఇదే. మనం మెరుపు అనేది కూడా దీని పై తలమే. మెషీను నడిచేది ఈ సగం వెంట్రుక మీద.

ఎప్పుడూ ఇలా లేదు. 1920ల ముందు కారుకి రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. 1923లో డ్యూపాంట్ కంపెనీ, జనరల్ మోటార్స్ కలిసి "డ్యూకో" అనే లాకరు తెచ్చాక అది గంటల్లోకి వచ్చింది. మన పెయింటర్లు ఈనాటికీ స్ప్రే రంగుని "డ్యూకో" అనే పిలవడం ఆ కంపెనీ పేరు మిగిల్చిన గుర్తు. మా చిన్నప్పుడు వూళ్లో తిరిగిన అంబాసిడర్లకి, పద్మినీలకి పైన క్లియర్ కోటు లేదు, అడుగు నుంచి పైదాకా రంగే. డ్రైవరు కాంపౌండు డబ్బా తీసి పాత పంచె ముక్కతో రుద్దితే ఆ గుడ్డకి నల్లగానో పచ్చగానో రంగు అంటేది. తరుగు కళ్లకి కనిపించేది! ఎంత పోతోందో గుడ్డే చెప్పేది. 1980ల నుంచి ప్రపంచమంతా క్లియర్ కోటు పద్ధతికి మారుతూ వచ్చింది. ఇప్పుడు గుడ్డకి అంటేది తెల్లటి కాంపౌండు మాత్రమే. రంగు అంటడం లేదు గనక ఏమీ పోవడం లేదనుకుంటున్నాం.

మన ఇళ్లల్లో దీనికి సరిగ్గా సరిపోయే వస్తువు ఒకటుండేది - కళాయి వేసిన ఇత్తడి గిన్నె. బయట చింతపండు పెట్టి ఎంత తోమినా ఫరవాలేదు, లోపల మాత్రం నెమ్మదిగా తోమాలి. కోడలు ఉత్సాహం కొద్దీ లోపల కూడా ఇసక పెట్టి తోమితే అత్తగారు కేకలేసేది, కళాయి పోతుందని. పోతే మళ్లీ వేయించుకోవచ్చు, వీధిలో కళాయివాడు వచ్చేవాడు. కారు కళాయి పోతే వీధిలోకి ఎవరూ రారు. ఆ భాగం మొత్తం రంగు వేయించాల్సిందే. ఫ్యాక్టరీలో పెద్ద ఓవెన్‌లో కాల్చి గట్టిపరిచిన పూత మళ్లీ అదే రకంగా రావడం కల్ల.

ఇక గీతల సంగతి. మధ్యాహ్నం ఎండలో ముదురు రంగు కారు బానెట్టు చూడండి. సూర్యబింబం చుట్టూ సాలెగూడులా సన్నటి వలయాలు కనిపిస్తాయి. ఎవరో గుండ్రంగా తుడిచారు కాబట్టి గుండ్రంగా పడ్డాయని చాలామంది అనుకుంటారు. అందుకే "గుండ్రంగా తుడవకు, నిలువుగా తుడువు" అని సలహాలిస్తారు. గీతలు అన్ని దిక్కులకీ వుంటాయి. కానీ దీపం వైపుకి అడ్డంగా పడ్డ గీతలే వెలుగుని మన కంటికి పంపుతాయి, మిగిలినవి పక్కకి చిమ్ముతాయి. అంచేత కనపడేవన్నీ కలిసి దీపం చుట్టూ వలయాల్లా తోస్తాయి. తలకాయ జరిపితే వలయం కూడా మనతో జరుగుతుంది. తోమి తోమి వాడిన స్టీలు పళ్లెం బల్బు కింద పట్టినా ఇదే. నల్ల కారు మీద ఎక్కువగా కనిపించడానికి కారణం దాని పూత మెత్తన కావడం కాదు. కింది నలుపు వెలుగునంతా మింగేస్తుంది గనక గీత చిమ్మిన కాస్త వెలుగూ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. తెల్ల కారు మీద అన్ని గీతలూ వుంటాయి, కళ్లకి ఆనవు.

ఈ గీతలు ఎక్కడివి? రోడ్డు దుమ్ములో ఇసక వుంటుంది. ఇసకంటే క్వార్ట్జు. మోహ్స్ కొలమానంలో దాని కాఠిన్యం 7. కిటికీ గాజుని సైతం గీస్తుంది, ప్లాస్టిక్ లాంటి క్లియర్ కోటు ఒక లెక్కా? మన విశాఖలో అయితే బీచి ఇసకకి తోడు పోర్టు బొగ్గు ధూళి కూడా వుంది. ఈ దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి తుడిచిన ప్రతిసారీ ఒక గీతల పంట.

మా అపార్ట్‌మెంటులో తెల్లవారుజామున వాచ్‌మన్ పదిహేను కార్లు తుడుస్తాడు. బకెట్టు ఒకటి, గుడ్డ ఒకటి. మూడో కారుకే ఆ నీళ్లు బురద. వేసవిలో ట్యాంకరు నీళ్లు కొంటున్నాం గనక రెండో బకెట్టు వాడితే అసోసియేషన్ వాళ్లు ఊరుకోరు. ఒక్కో ఇంటి నుంచి అతనికి నెలకి ముట్టేది మనం ఒక పూట హోటల్లో టిఫినుకి పెట్టే డబ్బు. ఆపైన బానెట్టు మీద వలయాలు కనపడగానే "ఈ వాచ్‌మన్ నా కారు పాడుచేశాడు" అని లిఫ్టు దగ్గర తిట్టుకుంటాం. తిట్టుకుని వేలకి వేలు పోసి పాలిషింగ్ షాపుకి వెళతాం. మళ్లీ మర్నాడు అదే బకెట్టు, అదే గుడ్డ. నా అభిప్రాయంలో పాలిష్ నేర్చుకోదలిచినవాడు మొట్టమొదట కొనవలసింది మెషీను కాదు, రెండో బకెట్టు. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఒకదాంట్లో గుడ్డ జాడించుకునే నీళ్లు. ముందు నీళ్లు కొట్టి ఇసక వదిలించి, అప్పుడు గుడ్డ తాకించాలి. రోజూ తుడవక్కర్లేదు, వారానికోసారి సరిగ్గా కడిగితే చాలు. వాచ్‌మన్‌కి అయిదు నిమిషాలు చూపించి, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఇచ్చి, జీతం కాస్త పెంచితే షాపువాడికిచ్చే దాంట్లో పదో వంతు కూడా కాదు. మా వాళ్లలో ఇద్దరు ఒప్పుకున్నారు. మిగతావాళ్లు "ఆయనకి పనేం లేదు" అంటున్నారని వినికిడి.

సరే, గీతలు పడ్డాయి. ఇప్పుడు మెషీను. ఇవి ముఖ్యంగా రెండు రకాలు. రోటరీ అనేది ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. 150 మిల్లీమీటర్ల ప్యాడు నిమిషానికి 1500 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకి దాదాపు 12 మీటర్లు, మధ్యలో సున్నా. లెక్క మీరే వేసి చూసుకోండి. అంచు ఒకచోట ఆగితే వేడి అక్కడే పోగవుతుంది, క్షణాల్లో పూత పోతుంది. రెండోది డ్యూయల్ యాక్షన్. ఇందులో ప్యాడు ఇరుసుకి కొంచెం పక్కగా బేరింగు మీద స్వేచ్ఛగా వుంటుంది. ఇరుసు చుట్టూ 8 గానీ, 15 గానీ, 21 గానీ మిల్లీమీటర్ల కక్ష్యలో వూగుతూ, ఆ వూపుకి తనంతట తాను తిరుగుతుంది. గట్టిగా నొక్కితే, వంకరగా పట్టుకుంటే తిరగడం మానేసి వూరికే వణుకుతుంది. తప్పు చేస్తే పని ఆగిపోయే యంత్రం కొత్తవాడికి ఇంతకంటే ఏం కావాలి? ప్యాడు వెనకపళ్లెం మీద మార్కరుతో ఒక గీత గీసుకుంటే తిరుగుతోందో లేదో కళ్ల ముందే వుంటుంది. రోటరీ చెడ్డదని కాదు. చెయ్యి తిరిగినవాడి దగ్గర అది అద్భుతమే. మొదటి రోజు పట్టుకోవలసిన వస్తువు మాత్రం కాదు.

మెకానికల్, మెటలర్జీ విద్యార్థులకి ఒక మాట చెప్పాలి. ఈ పని మీరు ల్యాబులో చేసే వున్నారు. ఉక్కు ముక్కని 1/0, 2/0, 3/0, 4/0 ఎమరీ కాగితాల మీద రుద్ది, కాగితం మారినప్పుడల్లా ముక్కని 90 డిగ్రీలు తిప్పి, పాత గీతలన్నీ పోయాక మఖమలు గుడ్డ చుట్టిన డిస్కు మీద అల్యూమినా నీళ్లు పోసి అద్దంలా చేసి, నైటాల్‌లో ముంచి మైక్రోస్కోపులో చూశారు. రికార్డు మీద సంతకం పడగానే మరిచిపోయారు. కారు కాంపౌండులో వుండేది కూడా ఎక్కువగా ఆ అల్యూమినాయే. గీత అంటే ఏమిటి, చిన్న గీతలతో పెద్ద గీతని ఎలా చెరుపుతారు అన్నదంతా ఆ ల్యాబులోనే వుంది.

ఒక్క చోట మాత్రం వ్యవహారం తలకిందులవుతుంది. ల్యాబులో ముతకతో మొదలుపెట్టి నునుపు వైపు వెళతాం. ఉక్కు ముక్కలో లోహానికి కరువు లేదు గనక ఎంత పోయినా ఫరవాలేదు. కారు మీద నునుపుతో మొదలుపెట్టాలి. బానెట్టు మీద మోచేతి నుంచి వేలికొసంత చదరం టేపుతో గుర్తుపెట్టుకుని, అన్నిటికంటే మెత్తటి ప్యాడు, అన్నిటికంటే నునుపైన పాలిషు వేసి చూడాలి. గీతలు చాలినంత పోతే అంతే, మిగతా కారంతా దాంతోనే. పోకపోతే ప్యాడు మార్చి, అప్పటికీ పోకపోతే పాలిషు మార్చి, ఒక్కొక్క మెట్టే ముతక వైపుకి జరగాలి. 40 మైక్రాన్ల ఆస్తిపరుడు ఇలాగే ఖర్చుపెట్టాలి. దుకాణంలో కొత్తవాడు అడిగే మొదటి ప్రశ్న "అన్నిటికంటే గట్టిగా కోసేది ఏది?" కావడం నేను చాలాసార్లు విన్నాను.

మెషీను పట్టే ముందు సగం పని అయిపోవాలి. కడిగి, రంగులో గుచ్చుకున్న ఇనప రజను తీసే ద్రావకం కొట్టి (అది వూదారంగులోకి మారుతుంటే చూడ్డానికి సరదాగా వుంటుంది), జిగురుమట్టి లాంటి క్లే బారుతో తలం నున్నగా చేసి, అంచులకీ, రబ్బర్లకీ, ప్లాస్టిక్ ముక్కలకీ టేపు అంటించాలి. రేకు మడత తిరిగే అంచుల దగ్గర పూత పలచన, అక్కడికి మెషీను పోనివ్వకూడదు. మెషీను పని నీడలోనే చెయ్యాలి. వైశాఖమాసం ఎండలో నిలిపిన బానెట్టు మీద చెయ్యి పెట్టలేం, పాలిషు పడీపడగానే ఎండి పొడైపోతుంది. బంపర్ల దగ్గర ఇంకో చిక్కు. అవి ప్లాస్టిక్, రేకులాగా వేడిని పక్కకి పంపలేవు, పూత మీదే వేడి నిలిచిపోతుంది. పైగా అయస్కాంతం మీద పనిచేసే మందం కొలిచే సాధనం ప్లాస్టిక్ మీద చెప్పేది శూన్యం. తలుపు మీద 110 వుండి పక్క తలుపు మీద 250 చూపిస్తే ఆ పక్కది ఎప్పుడో మళ్లీ రంగు వేసిందని అర్థం. సెకండ్‌హ్యాండు కారు కొనేవాళ్లకి ఈ సాధనం ఒక్కటే చాలా కథలు చెబుతుంది.

మెషీను పట్టుకునే తీరు నాకు పుస్తకాల వల్ల రాలేదు. మా పేటలో ఒక పాలిషింగ్ షాపు వుంది. అక్కడ పనిచేసే కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయి, శ్రీకాకుళం వైపు వాడు. ఇంటరు మధ్యలో ఆపేశాడు. నేను ఖాళీగా వున్న సాయంత్రాలు వెళ్లి నిలబడి చూసేవాణ్ణి. "నొక్కీకండి సార్. దాని బరువు దానికి సాలు. మీరు వూరికే దారి సూపండి" అన్నాడు. సెకనుకి అంగుళం చొప్పున జరపాలని ఇంగ్లీషు వీడియోల్లో చెబుతారు. ఇతను "సీమ నడిసినట్టు" అన్నాడు. వేడి చూడ్డానికి అరచెయ్యి కాదు, చేతి వెనకభాగం ఆనించి చూసేవాడు. ప్యాడులో పాత పాలిషు గట్టిపడితే మెషీను శబ్దం మారుతుందట. ఆ శబ్దం విని ఆపి, బ్రష్షుతో ప్యాడు దులిపి మళ్లీ మొదలుపెట్టేవాడు. నాకు ఆ తేడా వినపడ్డానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ కుర్రాడి ముక్కుకి గుడ్డ లేదు, కళ్లకి అద్దాలు లేవు. మెషీను చిమ్మే తెల్లటి పొడి కనురెప్పల మీద పేరుకుని వుండేది. పొద్దున్నే కారు అప్పగించాలంటే రాత్రంతా మెషీను పట్టుకోవాలి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పాడు. ఏళ్ల తరబడి వణికే యంత్రాలు పట్టినవాళ్ల వేళ్లలో నరాలు, రక్తనాళాలు దెబ్బతింటాయని వైద్యులు ఏనాడో చెప్పిన విషయం. ఆ షాపు గోడ మీద "షో రూమ్ మెరుపు" అని రాసుంది. ఆ మెరుపు ధరలో మాస్కు ఖరీదు ఎంత? చేతొడుగుల ఖరీదు ఎంత? ఇప్పుడు నేను ఒక జత అద్దాలు, డజను మాస్కులు కొనిచ్చాను. కొన్నాళ్లు పెట్టుకున్నాడు, తర్వాత "వుక్కపోత్తంది సార్" అని మానేశాడు. పని చేయించుకునే మనం ఒక్కొక్కరం "మాస్కు లేకుండా నా కారు ముట్టొద్దు" అంటే యజమానే ఫ్యాను పెట్టించి మాస్కు పెట్టిస్తాడు. ఇంతవరకూ ఎవరూ అనలేదు.

షాపుల వ్యాపారం మీద కూడా రెండు మాటలు. షోరూమ్ నుంచి వచ్చిన కొత్త కారుకి "కరెక్షన్" పేరుతో మూడు దశల పాలిషు చెయ్యడం, ఏటేటా దసరాకి మళ్లీ కాంపౌండు కొట్టించుకోమనడం నాకు బొత్తిగా నచ్చని పనులు. తేలికపాటి పాలిషుకి ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి, గట్టి కాంపౌండుకి అంతకంటే ఎక్కువ. పదేళ్లు వుంచుకోవలసిన కారుకి ఏటా ఈ తరుగు వేసుకుంటూ పోతే ఏమవుతుందో కూడికలు వచ్చినవాడు చెప్పగలడు. ఇంకొందరు అసలు గీత తియ్యనే తియ్యరు. నూనెలూ మైనాలూ వున్న పాలిషుతో గీతల్ని నింపి చూపిస్తారు. నాలుగు కడుగుళ్లకి అవి మళ్లీ లేస్తాయి. దీనికి విరుగుడు తేలిక. ఐసోప్రొపైల్ ఆల్కహాలు నీళ్లలో కలిపి ఆ చోట తుడిచి, టార్చి లైటు వేసి చూడాలి. నిజంగా పోయినవి అప్పుడూ కనపడవు. మీ పని మీరు తనిఖీ చేసుకోడానికి కూడా ఇదే పద్ధతి.

సిరామిక్ కోటింగు అమ్మేవాళ్లు "9హెచ్ కాఠిన్యం" అంటారు. వజ్రం 10, ఇది 9 అన్నట్టు వినిపిస్తుంది. ఆ 9హెచ్ మోహ్స్ కొలమానం కాదు, పెన్సిళ్ల కొలమానం. డ్రాయింగు క్లాసులో మనం వాడే హెచ్, 2హెచ్ వరసలో చిట్టచివరి పెన్సిలు. ఆ పెన్సిలు గియ్యలేదన్నంత మాత్రాన ఇసక గియ్యదని కాదు. కోటింగు వల్ల నీళ్లు జారిపోతాయి, కడగడం తేలికవుతుంది, పక్షి రెట్ట పడితే తుడిచేదాకా కొంత వ్యవధి దొరుకుతుంది. అవి నిజమైన లాభాలే. కానీ గీతల మీద కోటింగు వేస్తే ఆ గీతలకే రక్షణ కల్పించినట్టు.

నా కారు మీద ఎనభై పాళ్ల గీతలు పోయాయి. గోరు పెడితే తట్టుకునేవి నాలుగైదు అలాగే వున్నాయి. అవి పాలిషుతో పోవు, పోయేదాకా అరగదీస్తే కింద ఏమీ మిగలదు. స్నేహితులు వాటినే వేలెట్టి చూపిస్తారు. చూపించనివ్వండి.

ఇక మన కాలేజీ విషయం. వర్క్‌షాపులో ఫైలింగు, స్మితీ, ఫిట్టింగు ఇంకా వున్నాయి. చేతిపనికి మార్కులు వుండడం మంచిదే, కానీ ఎక్కువమంది ఆ చతురస్రపు ఇనప ముక్కని డబ్బులిచ్చి చేయించుకుంటారని మా రోజుల నుంచీ తెలిసిన రహస్యం. నేను యూనియన్ వారికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. తుక్కు కొట్టులో పాత కారు బానెట్టు తూకానికి దొరుకుతుంది. దాన్ని రెండు స్టూళ్ల మీద పెట్టి, సగానికి టేపు అంటించి, ఒక పక్క రోటరీతో, ఒక పక్క డ్యూయల్ యాక్షన్‌తో పని చేసి చూడాలి. ప్రతి దశకీ మందం కొలిచి నల్లబల్ల మీద రాయాలి. ఒక మూల మాత్రం పూత తెల్లగా చిట్లి రంగు బయటపడేదాకా కావాలని అరగదీయాలి. అదెలా వుంటుందో ఒకసారి చూసిన చెయ్యి ఎవరి కారు మీదా అంతదాకా వెళ్లదు. నేర్పడానికి ఆ శ్రీకాకుళం కుర్రాణ్ణి పిలవాలి. అతిథి ఉపన్యాసకులకి ఇచ్చే పారితోషికమే, ఒక్క రూపాయి తగ్గకుండా, అతనికీ ఇవ్వాలి. లెక్చరర్లు పక్కన కూర్చోవాలి, ప్రశ్నలు అడగాలి. సెలవు ఇమ్మని అతని యజమానితో నేను మాట్లాడతాను.

బానెట్టు, మెషీను, మందం కొలిచే సాధనం నావి. రోటరీ అతను తెస్తాడు. మాస్కులూ, కళ్లద్దాలూ యూనియన్ వారు సమకూరిస్తే చాలు, నలభై మందికి సరిపడా. శనివారం మధ్యాహ్నం మూడు దాటాక, వర్క్‌షాపు వెనక వేపచెట్టు నీడ పడే వేళకైతే బాగుంటుంది.